అడిగే మాట ఆమె మాట కావాలి

ఆశా కార్యకర్త చేతిలో ఉండే పరిశీలన పత్రంలో రొమ్ముకు సంబంధించిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. రొమ్ములో గడ్డ ఉన్నదా, చనుమొన నుండి నెత్తురు కలిసిన స్రావం ఉన్నదా, రొమ్ము ఆకారంలోగాని పరిమాణంలోగాని మార్పు వచ్చిందా అన్నవి ఆ మూడు. ప్రతి ప్రశ్నకూ ఉన్నది, లేదు అని రెండే జవాబులు. ముప్పై ఏళ్ళు నిండిన ప్రతి స్త్రీనీ ఆమె ఇంటి వద్దనే ఈ మాటలు అడగాలన్నది ప్రభుత్వ ఏర్పాటు. ఏ ఒక్కదానికి ‘ఉన్నది’ అని జవాబు వచ్చినా ఆమెను వెంటనే వైద్యాధికారి వద్దకు పంపాలి. ‘లేదు’ అని వస్తే కార్యకర్త పక్క ఇంటికి పోతుంది.

ఆ ‘లేదు’ గురించే ఈ నెల రాయదలచాను. రోగం లేక వచ్చిన ‘లేదు’ ఒకటి. ప్రశ్న అర్థం కాక వచ్చిన ‘లేదు’ మరొకటి. కాగితం మీద రెండూ ఒక్కలాగే కనబడతాయి. ఒకదాని నుండి మరొకదాన్ని వేరుచేసి చూపే యంత్రం ఏ ఆసుపత్రిలోనూ లేదు. రెండో రకం ‘లేదు’ను ముందుగానే ఆపగలిగేది కార్యకర్తకు ఇచ్చే శిక్షణ, ఆ శిక్షణకు ఆధారమైన పుస్తకం, బొమ్మలు, నమూనాలు. అవి ఏ నుడిలో తయారవుతున్నాయి, ఎవరి మాటలతో తయారవుతున్నాయి అన్న ప్రశ్నను వైద్యులకు వదిలేసి ఊరుకుంటే భాషోద్యమం తన పనిలో సగాన్ని వదులుకున్నట్టే. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న బెంగళూరును ఎదురుగా పెట్టుకొని ఈ సంగతిని చర్చిద్దాం.

మొదట రోగం తీవ్రతను తెలుసుకోవాలి. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆ ఏడాదిలో ఆ రోగంతో మరణించినవారు సుమారు 98,000 మంది. బెంగళూరులో కిద్వాయి స్మారక క్యాన్సర్ సంస్థ 1973లో ఏర్పడింది. నగర జనాభాలో క్యాన్సర్ కేసుల నమోదు 1982 నుండి దాని ఆధ్వర్యంలో జరుగుతున్నది. తొలి సంవత్సరాలలో అక్కడి స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందుండేది. తరువాతి కాలంలో రొమ్ము క్యాన్సర్ దాన్ని దాటి మొదటి స్థానానికి వచ్చింది. ఇంత జరుగుతున్నా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 30 నుండి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. దేశం మొత్తం మీద 0.9 శాతం.

ధనిక దేశాలలో ఈ రోగాన్ని ముందుగా పట్టుకోవడానికి మామోగ్రఫీ యంత్రాలను వాడుతున్నారు. మన దేశంలో కోట్లాది స్త్రీలకు ఆ యంత్రం అందదు. అందుకే 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ వెలువరించిన విధానపత్రం 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి శిక్షణ పొందిన సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేయాలని నిర్ణయించింది. చేతి పరీక్ష వల్ల ఒరిగేదేమిటని కొందరు తీసిపారేస్తారు. వారికి ముంబై జవాబు ఉన్నది. టాటా స్మారక కేంద్రం 1998లో ముంబై మురికివాడలలో 35 నుండి 64 ఏళ్ళ మధ్య ఉన్న 1,51,538 మంది స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. అందులో సగం మందికి రెండేళ్ళకొకసారి చొప్పున నాలుగు విడతలు చేతితో పరీక్ష చేశారు. చేసినవారు వైద్యులు కారు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. ఇరవై ఏళ్ళ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పరీక్ష జరిగినవారిలో రోగం ముదరకముందే బయటపడింది. 50 ఏళ్ళు దాటినవారిలో ఆ రోగం వల్ల సంభవించే మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువారిలో మరణాలు తగ్గినట్టు కనబడలేదన్నది కూడా నిజమే. దాన్ని దాచనక్కరలేదు. అయినా ఒక సంగతి రుజువైంది. సరైన శిక్షణ పొందిన ఒక సామాన్య స్త్రీ చేతివేళ్ళు మరొక స్త్రీ ప్రాణాన్ని నిలబెట్టగలవు.

తెలుగునేల మీద కూడా ఇటువంటి ప్రయత్నం జరిగింది. హైదరాబాదులోని ఉషాలక్ష్మి రొమ్ము క్యాన్సర్ ఫౌండేషన్ 2012 నుండి 2016 వరకు రెండు తెలుగు రాష్ట్రాల పల్లెలలో రెండు లక్షల మందికి పైగా స్త్రీలకు చేతి పరీక్షలు జరిపించింది. డాక్టర్ పి. రఘురామ్ నడిపిన ఆ కార్యక్రమం కూడా గ్రామ స్థాయి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం మీదనే ఆధారపడింది.

ఇక బెంగళూరు సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ నగరంలో దాదాపు ఏడుగురిలో ఒకరి మాతృభాష తెలుగు. కన్నడం, తమిళం తరువాత మూడో స్థానం మనదే. ఈ తెలుగువారంతా ఒకే తీరువారు కారు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. కోలారు, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, పావగడ ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడినవారు ఉన్నారు. కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన చదువుకున్నవారు ఉన్నారు. వీరు కాక అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు నుండి కూలి కోసం వచ్చి, కట్టే భవనాల పక్కన రేకుల గుడిసెలలో బతుకుతూ, ఆ పని ముగియగానే మరొక చోటికి తరలిపోయేవారు ఉన్నారు. మొదటి రెండు రకాలవారికి కన్నడం వచ్చు. మూడో రకంవారికి ఇంగ్లీషు వచ్చు, ఖరీదైన ఆసుపత్రి అందుబాటులో ఉంటుంది. నాలుగో రకం స్త్రీకి కన్నడం రాదు, ఇంగ్లీషు రాదు, ఊరు మారితే పత్రం కూడా వెంట రాదు. కార్యకర్త ఆమె గుడిసె ముందు నిలబడేది ఒకే ఒక్కసారి కావచ్చు. ఆ ఒక్కసారి అడిగే మాట తప్పిపోతే మళ్ళీ అడిగేవారు ఎప్పుడొస్తారో తెలియదు.

నాకు ఈ ఆలోచన ఒక పుస్తకం వల్ల కలిగింది. ముందస్తు పరీక్షల సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఒక సంస్థవారు తాము తయారుచేస్తున్న పుస్తకంలో తెలుగు పుటలు కూడా చేర్చదలచి, వాటిని ఒకసారి చూడమని నాకు పంపారు. తెలుగు పుటలు ఉండాలన్న వారి తలంపు మెచ్చదగినది. కాని చదువుతుంటే మనసు చివుక్కుమన్నది. ‘స్తనాగ్రము నుండి రక్తవర్ణ స్రావము’, ‘కక్ష్యాభాగమందలి గ్రంథుల వాపు’, ‘చర్మముపై నారింజ త్వక్ సదృశమైన మార్పు’ అని వరుసగా ఉన్నాయి. ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాటకు నిఘంటువులోని మాటను అతికించిన తీరు అది. లిపి తెలుగుదే. దాన్ని గుడిసె ముందు నిలబడి గట్టిగా చదివితే లోపలి మనిషికి మంత్రం చదివినట్టుంటుంది.

ఇటువంటి రాతను చూసి నవ్వుకొని ఊరుకోవడం సులువు. కాని ఇక్కడ మాట తేడా వస్తే ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ప్రశ్నలోని ‘గడ్డ’ అన్న మాటనే తీసుకోండి. ఇది అచ్చమైన తెలుగు మాట, అందరికీ తెలిసిన మాట. అందుకే ప్రమాదం. పల్లె స్త్రీకి గడ్డ అనగానే మనసులో మెదిలేది సెగగడ్డ. ఎర్రబడుతుంది, సలుపుతుంది, చీము పడుతుంది, పగులుతుంది, మానిపోతుంది. పాలిచ్చే తల్లికి రొమ్ము గడ్డ కట్టడం కూడా అటువంటిదే. క్యాన్సర్ తొలి దశలో రొమ్ములో వచ్చేది చాలామందిలో నొప్పి పెట్టదు. ఎర్రబడదు. చేతికి మాత్రం గట్టిగా తగులుతుంది. కాబట్టి గడ్డ ఉన్నదా అని అడిగితే ఆమె తన ఎరుకలో ఉన్న గడ్డ కోసం వెతుక్కొని, నిజాయితీగానే ‘లేదు’ అంటుంది. నొప్పి లేకుండా గట్టిగా ఉండే ఉబ్బుకు మన నుడిలో ‘కంతి’ అన్న మాట ఉన్నది. ఆ మాట తెలియని ప్రాంతం ఉంటే ‘నొప్పి లేకపోయినా చేతికి గట్టిగా తగిలేది’ అని విడమరచి అడగవచ్చు. ఏ మాట వాడినా ‘నొప్పి లేకపోయినా సరే’ అన్న ముక్కను విడిచిపెట్టకూడదన్నది శిక్షణ పుస్తకం మొదటి పుటలోనే ఉండవలసిన పాఠం.

రోగం పేరు సంగతి కూడా ఇంతే. క్యాన్సర్ అన్న మాట రాకముందు మనవాళ్ళు దీన్ని రాచపుండు అన్నారు, పుట్టకురుపు అన్నారు. రెండు పేర్లూ పుండునూ కురుపునూ చెబుతున్నాయి. అంటే రోగం ముదిరి చర్మాన్ని చీల్చుకొని బయటపడిన దశకు పెట్టిన పేర్లు అవి. ఆ కాలంలో కంటికి కనబడింది ఆ దశే. పేరులోని ఆ అర్థం ఇంకా పెద్దవాళ్ళ మనసుల్లో నిలిచి ఉన్నది. పుండు లేదు కాబట్టి రోగం లేదనుకునే స్త్రీకి, పుండు పడకముందే దీన్ని పట్టుకోవాలని చెప్పగలిగినవాడే సరైన శిక్షకుడు.

బెంగళూరులో దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. తెలుగు, కన్నడం అక్కచెల్లెళ్ళ వంటి నుడులు. సగం మాటలు కలుస్తాయి. ఆ కలయిక వల్లనే కలవని మాటలు మనల్ని మోసం చేస్తాయి. కన్నడంలో రొమ్ముకు వాడుక మాట ‘మొలె’. మన స్త్రీకి ‘మొల’ అంటే నడుము, ‘మొలలు’ అంటే మరో రోగం. కన్నడంలో ‘గంటు’ అంటే ముడి, ఉండ కట్టిన గట్టి భాగం. మనకు ‘గంటు’ అంటే కోసిన గాటు. కన్నడ కార్యకర్త మంచి మనసుతో, మనకు తెలుస్తుందన్న నమ్మకంతో ఆ మాటలే అంటే, కొత్తగా వలస వచ్చిన తెలుగు స్త్రీ మొలలు ఉన్నాయా అనో, గాటు పడిందా అనో అడిగినట్టు అర్థం చేసుకునే అవకాశం ఉన్నది. సిగ్గుతో తలవంచుకొని ‘లేదు’ అంటుంది. కార్యకర్త తప్పు ఏమీ లేదు. ఈ రెండు మాటల తేడా చెప్పే నాలుగు వాక్యాలు ఆమె పుస్తకంలో లేకపోవడమే తప్పు.

ఇక శరీర భాగాల పేర్లు. ఆడవారి శరీరం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు తెలుగు మాట మోటు, సంస్కృతం మాట మర్యాద, ఇంగ్లీషు మాట ఇంకా మర్యాద అన్న భ్రమ మనలో పాతుకుపోయింది. రొమ్ము అన్నది ఆడ మగ ఇద్దరికీ చెల్లే మాట. రొమ్ము విరుచుకొని నిలబడ్డాడని మగవాడి గురించి అంటాం. అందులో సిగ్గుపడవలసింది ఏమున్నది? చనుబాలు అన్న మాటను ఎంత గౌరవంగా పలుకుతాం! చనుమొనకు ‘ముచ్చిక’ అన్న చక్కని మాట ఉన్నది. వంకాయకు ముచ్చిక ఉన్నట్టే. చంకలో గ్రంథులు ఉబ్బడాన్ని చదువురాని ఆడవారు కూడా ‘చంకలో బిళ్ళ కట్టింది’ అని స్పష్టంగా చెబుతారు. చర్మం లోపలికి లాక్కుపోవడాన్ని ‘సొట్ట పడింది’ అంటారు. ఇన్ని మాటలు ఆమె నోట ఉండగా ‘కక్ష్యాభాగ గ్రంథులు’ ఎవరి కోసం?

పోలికలలో కూడా ఊరు తెలియాలి. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లలో చర్మం గుంటలు గుంటలుగా నారింజ తొక్కలాగ అవుతుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. అనంతపురం, కడప జిల్లాలవారు చీనీ తోటల మధ్య పెరిగినవారు. వారికి ‘చీనీకాయ తొక్కలాగ’ అంటే చాలు. తెలంగాణవారికి బత్తాయి తొక్క అనాలి. ఇది అలంకారం కోసం చెప్పడం లేదు. చూసిన వస్తువుతో పోల్చి చెబితే తన ఒంటిమీద దాన్ని గుర్తుపట్టగలుగుతుంది.

బయటి ప్రపంచంలో ఈ ఎరుకతో పనిచేసినవారు ఉన్నారు. అమెరికాకు చెందిన కోరిన్ బోమాంట్ అనే రూపకల్పన నిపుణురాలు రొమ్ము క్యాన్సర్ పన్నెండు లక్షణాలను పన్నెండు నిమ్మకాయల బొమ్మలుగా చూపించింది. గుడ్ల అట్టపెట్టెలో అమర్చిన నిమ్మకాయలు. ఒకదాని మీద సొట్ట, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని నుండి కారుతున్న చుక్క, ఒకదాని లోపల గట్టి గింజ. చదువు రానివారికీ తెలుస్తుంది, నలుగురిలో చూపినా సిగ్గు కలగదు. 2017లో ఆ బొమ్మ లోకమంతా తిరిగింది. నిమ్మకాయ తెలియని తెలుగు ఇల్లు ఉన్నదా?

బెంగళూరులోనే మరొక గొప్ప ఉదాహరణ ఉన్నది. జర్మనీలో ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే స్త్రీ వైద్య నిపుణుడు చూపులేని స్త్రీలకు రొమ్ము పరీక్షలో శిక్షణ ఇచ్చే పద్ధతిని రూపొందించాడు. చూపు లేనివారి వేళ్ళకు ఉండే సున్నితత్వమే దానికి పునాది. బెంగళూరుకు చెందిన ఎనేబుల్ ఇండియా సంస్థ ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చి చూపులేని స్త్రీలకు శిక్షణ ఇప్పించింది. పరీక్షించేటప్పుడు వారు స్త్రీ ఛాతీ మీద బ్రెయిలీ గుర్తులున్న పట్టీలను అతికిస్తారు. ఆ గుర్తుల ఆధారంతో ఒక్కొక్క భాగాన్నీ వరుసగా తడుముతూ, తేడా తగిలిన చోటును వైద్యునికి కచ్చితంగా చెబుతారు. ఆ పట్టీ కూడా ఒక శిక్షణ సామగ్రే. ఎవరి చేతికి ఇస్తున్నామో వారికి తెలిసిన లిపిలో, వారి వేళ్ళకు అందే రూపంలో తయారుచేసిన సామగ్రి. చూపు లేనివారి కోసం ఆలోచించగలిగినవారు నుడి వేరైనవారి కోసం ఆలోచించలేరా?

చేతి పనిని నేర్పడంలో కూడా నుడి పాత్ర ఉన్నది. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతిలో మూడు నడిమి వేళ్ళ మెత్తని భాగంతో, రూపాయి బిళ్ళంత సున్నాలు చుడుతూ, మెల్లగా, కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా అని మూడు రకాల ఒత్తిడితో, నిలువు వరుసలలో తడమాలి. సిలికోన్‌తో చేసిన నమూనాల మీద దీన్ని సాధన చేయిస్తారు. దీన్ని ‘నిర్దిష్ట పీడన త్రయము’ అని రాస్తే ఎవరికీ రాదు. దుక్కి దున్నినప్పుడు చాలు పక్కన చాలు ఎట్లా వేస్తామో, నడుమ బీడు మిగలకుండా ఎట్లా చూసుకుంటామో అట్లా చేయమంటే రైతు కుటుంబం నుండి వచ్చిన అమ్మాయికి ఒక్క మాటలో పట్టుబడుతుంది. చంక వరకూ, మెడ ఎముక వరకూ చాళ్ళు పోవాలని చెబితే ఎక్కడా వదిలిపెట్టదు.

అడిగే తీరును కూడా నేర్పాలి. గుమ్మంలో భర్త, మామ నిలబడి ఉండగా పత్రం తీసి చదవడం అడగడం కాదు. లోపలికి వెళ్ళి, పక్కన కూర్చొని, ‘అక్కా, నీళ్ళు పోసుకునేటప్పుడు రొమ్ముల మీదగాని చంకలోగాని చేతికి గట్టిగా ఏమైనా తగులుతున్నదా? నొప్పి లేకపోయినా చెప్పక్కా’ అని అడగాలి. ‘బిడ్డకు పాలు మాన్పించినాక కూడా ముచ్చిక నుండి నీరుగాని నెత్తురుగాని వచ్చి రవికకు మరక పడుతున్నదా?’ అని అడగాలి. కంతి తగిలినంత మాత్రాన క్యాన్సర్ అని కాదనీ, చాలా కంతులు ప్రమాదం లేనివేననీ, అయినా వైద్యురాలికి చూపించి తీరాలనీ చెప్పాలి. భయపెట్టకుండా పంపగలగడం శిక్షణలో కష్టమైన భాగం. అది పరాయి మాటలతో సాధ్యం కాదు.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు వినబడతాయి. వాటికి జవాబు చెప్పాలి.

బెంగళూరులో ఉన్నవారు కన్నడం నేర్చుకోవాలి కదా అని కొందరంటారు. నేర్చుకోవాలి. అందులో రెండో మాట లేదు. కర్ణాటకలో కన్నడమే పాలన భాష, శిక్షణ కన్నడంలోనే జరగాలి. అక్కడి ఆరోగ్య కార్యకర్తకు కన్నడమే ఆధారం. మనం అడుగుతున్నది కన్నడ పుస్తకానికి బదులు తెలుగు పుస్తకం కాదు. కన్నడ పుస్తకం చివర, తెలుగు ఇళ్ళకు వెళ్ళినప్పుడు అడగవలసిన మాటలను కన్నడ లిపిలోనే ఇచ్చే నాలుగు పుటలు. అటువంటివే తమిళానికి నాలుగు, ఉర్దూకు నాలుగు. కన్నడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కంతి అన్నాళ్ళు ఆగదు.

దీనికి రాజ్యాంగ సంప్రదాయంలో ఆధారం కూడా ఉన్నది. రాష్ట్రాల పునర్విభజన సందర్భంగా 1956లో కేంద్ర హోం శాఖ భాషా అల్పసంఖ్యాకుల రక్షణ కోసం ఒక మెమొరాండం వెలువరించింది. ఒక పట్టణంలోగాని తాలూకాలోగాని భాషా అల్పసంఖ్యాకులు 15 నుండి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలో కూడా ఇవ్వాలని అందులో ఉన్నది. బెంగళూరు మొత్తం మీద తెలుగువారు ఆ గీతకు కొద్దిగా దిగువన ఉన్నారు. తెలుగువారు గుంపుగా బతికే పేటలలో ఆ గీతను దాటిపోతారు. అయినా నా మటుకు ప్రాణాలకు సంబంధించిన ప్రశ్నను శాతాల లెక్కతో అడగడం ఇష్టం లేదు. ప్రకటన చదవలేకపోతే నష్టం వేరు, ఈ ప్రశ్న అర్థం కాకపోతే జరిగే నష్టం వేరు.

పొరుగువారిని అడిగే ముందు మన ఇంటిని చూసుకోవాలన్న అభ్యంతరం అన్నిటికన్నా న్యాయమైనది. మడకశిరలో, ఆదోనిలో, తెలంగాణలోని నారాయణపేట వైపు కన్నడం మాట్లాడే స్త్రీలు ఉన్నారు. వారి ఇళ్ళకు వెళ్ళే మన కార్యకర్తల పుస్తకాలలో ‘మొలె’ అన్న మాట, ‘గంటు’ అన్న మాట ఉండాలని మనం ఏనాడైనా అడిగామా? అడగాలి. బెంగళూరులో తెలుగు పుటలు కోరే నోటితోనే అడగాలి. అప్పుడే మన కోరికకు నైతిక బలం వస్తుంది. పైగా తెలుగు అధికార భాషగా 1966లోనే చట్టం చేసుకున్న మన నేల మీద ఆరోగ్య శాఖ కాగితాల తెలుగు ఎంత సొంపుగా ఉంటున్నదో మనకు తెలియనిది కాదు. ‘స్రావము’, ‘సదృశము’ అన్నవి బెంగళూరులో పుట్టిన మాటలు కావు. అవి మన దగ్గరి కార్యాలయాల నుండి పోయినవే.

ఖర్చు ఎక్కువన్న అభ్యంతరం నిలవదు. నాలుగు పుటల ఖర్చు ఎంత? మాటలు ఊరికొక తీరుగా ఉంటాయి, ఏది పెట్టాలన్న ప్రశ్న మాత్రం నిజమైనది. దానికి పండితుల సభ పరిష్కారం కాదు. ఆడవారినే అడగాలి. పదిమంది అనంతపురం వలస కూలీలను, పదిమంది పాలమూరు స్త్రీలను, పదిమంది చిక్కబళ్ళాపురం వైపు వారిని విడివిడిగా కూర్చోబెట్టి, బొమ్మ చూపి, దీన్ని మీరేమంటారని అడిగి రాసుకోవాలి. రాసిన ప్రశ్నను మళ్ళీ మరో పదిమందికి చదివి వినిపించి, మీకేమర్థమైందో మీ మాటల్లో చెప్పండి అనాలి. వారు తిరిగి చెప్పింది మనం అడగదలచినదే అయితే ఆ ప్రశ్న ఉంచాలి. కాకపోతే కొట్టేయాలి. పుస్తకం అచ్చు కాకముందు ఈ పరీక్ష జరగాలి.

ఈ పనిని ప్రభుత్వం చేసేదాకా మనం ఎదురుచూడనక్కరలేదు. బెంగళూరులో తెలుగు సంఘాలకు కొదువ లేదు. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితికి పెద్ద కళామందిరమే ఉన్నది. ఉగాదికి కవిసమ్మేళనాలు, పురస్కార సభలు జరుపుకుంటున్నాం. సంతోషమే. ఏడాదిలో ఒక్క నెల, ఆ సంఘాలలోని స్త్రీలు కూలి గుడిసెల వద్దకు వెళ్ళి ఈ మాటలను సేకరించలేరా? పక్కనే ఉన్న హోసూరు తెలుగువారు, పల్లె మాటలను పోగుచేయడంలో ఆరితేరినవారు, తోడు రారా? కన్నడం, తెలుగు రెండూ వచ్చిన వైద్యురాళ్ళు, నర్సులు బెంగళూరులో ఎందరో ఉన్నారు. మాటల ఎంపికను వైద్యపరంగా సరిచూసే పని వారిది. ఆ నాలుగు పుటలు తయారైనాక, వాటిని నగర ఆరోగ్య అధికారులకూ, కిద్వాయి సంస్థకూ, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే స్వచ్ఛంద సంస్థలకూ ఉచితంగా అందిద్దాం. హక్కు అని అడిగేటప్పుడు చేతిలో తయారైన పని కూడా ఉంటే కాదనడం ఎవరికైనా కష్టం.

భాషోద్యమం అనగానే బడి, న్యాయస్థానం, సచివాలయం గుర్తుకు వస్తాయి. అవి ముఖ్యమే. అక్కడ ఓడిపోతే పిల్లల చదువు పోతుంది, తీర్పు అర్థం కాకుండా పోతుంది. ఆ ఓటమి బయటికి కనబడుతుంది కాబట్టి పోరాడుతున్నాం. రేకుల గుడిసె ముందు జరిగే ఓటమి ఎవరికీ కనబడదు. అక్కడ ఒక గడిలో ‘లేదు’ అని పడుతుంది, అంతే. కొన్నేళ్ళ తరువాత ఆమె పుండుతో ఆసుపత్రికి వస్తుంది. ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా అని వైద్యులు ఆమెనే అడుగుతారు. ఆమెను ముందే అడగవలసింది, ఆమె మాటలో అడగవలసింది మనమందరం.

ఈ మాటల సేకరణకు ముందుకు వచ్చే పాఠకులు మాకు ఉత్తరం రాయండి. మీ ఊళ్ళో రొమ్ములోని కంతిని, ముచ్చికను, చంకలోని బిళ్ళను ఆడవారు ఏమంటారో, మీ అమ్మను, మీ అవ్వను అడిగి రాసి పంపండి. సిగ్గుపడవలసిన పని ఇందులో ఏమీ లేదు. వచ్చిన మాటలన్నిటినీ ఊరి పేరుతో సహా ఈ పుటలలోనే అచ్చువేస్తాం.